బండి వేడెక్కాక ఆగిపోతోంది, షెడ్డులో బోరు (ఇంజిన్లో పిస్టన్ కదిలే సిలిండర్) చేయించాలంటున్నారు. చేయించెయ్యమంటారా?

రాజోలు_రైడర్
2014 మోడల్ 100 సీసీ బండి, కార్బొరేటర్‌ది. పొద్దున్నే ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది, పికప్ కూడా బాగానే ఉంటుంది. రాజోలులో బయల్దేరి తాటిపాక, నగరం, మామిడికుదురు దాకా ఏ ఇబ్బందీ ఉండదు. పాశర్లపూడి దాటి బోడసకుర్రు వంతెన ఎక్కేసరికి మిస్సింగ్ మొదలవుతుంది, నాలుగు గెంతులు గెంతి ఆగిపోతుంది. ఇక ఎంత కిక్కు కొట్టినా లేవదు. పావుగంట పక్కన పెడితే ఏమీ జరగనట్టు స్టార్టయి అమలాపురం దాకా వచ్చేస్తుంది.

మొదటి షెడ్డులో ప్లగ్ మార్చి, కార్బొరేటర్ విప్పి ఊది ఇచ్చారు. తేడా లేదు. రెండో షెడ్డులో మేస్త్రి గారు స్టార్ట్ చేసి రెండుసార్లు రేజ్ చేసి చూసి "బోరు పోయింది, పిస్టన్ కిట్టు వెయ్యాలి, హెడ్డు పని కూడా ఉంటుంది, ఆరున్నర వేలు అవుతుంది" అన్నారు. రెండు వేలు అడ్వాన్స్ ఇచ్చాను. ఇంకా ఇంజిన్ విప్పలేదు, బండి నా దగ్గరే ఉంది. ఉద్యోగం అమలాపురంలో, రోజూ దీని మీదే వెళ్ళాలి. వంతెన మీద వెనకాల లారీలు వస్తుండగా ఆగిపోతుంటే చాలా టెన్షన్‌గా ఉంది. బోరు చేయించెయ్యమంటారా?

పాలకొల్లు_బుల్లెట్
పొగ వస్తోందా? వస్తే ఏ రంగు? ఆయిల్ తగ్గుతోందా?

రాజోలు_రైడర్
పొగ లేదండి. ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. మైలేజీ కూడా ఎప్పటిలాగే ఇస్తోంది.

పాలకొల్లు_బుల్లెట్
అయితే ఇంజిన్ మీద చెయ్యి వెయ్యనివ్వకండి. బోరు, రింగులు అరిగితే ముందు తెలిసేది బండి చల్లగా ఉన్నప్పుడే. కిక్కు బరువు లేకుండా జారిపోతుంది, పొద్దున్నే లేవడానికి మొరాయిస్తుంది, నీలం పొగ వదులుతుంది, ఆయిల్ తాగుతుంది. మీ బండికి వీటిలో ఒక్కటీ లేదు. పైగా అరిగిన బోరు పావుగంట ఆగితే మళ్ళీ బాగుపడదు కదా.

భీమవరం_మేతబండి
నేను ఒప్పుకోను. నాది కూడా ఇదే వరస. వేడెక్కితే లాగేది కాదు, గేరు మార్చగానే ఆగిపోయేది. రొయ్యల మేత బస్తాలు వేసుకుని చెరువు గట్ల మీద తిరిగే బండి. బోరు చేయించాకే దారికొచ్చింది. ముందు వేరే వేరే సామాన్లు మార్పించి డబ్బులు తగలేసేకన్నా ఒకేసారి ఇంజిన్ చేయించుకోవడం నయం.

పాలకొల్లు_బుల్లెట్
@భీమవరం_మేతబండి లాగకపోవడం వేరు, ఉన్నట్టుండి చచ్చిపోయి లేవకపోవడం వేరు. మీ దానికి పొగ ఉండేదా?

భీమవరం_మేతబండి
ఉండేది. ఆయిల్ కూడా మధ్యమధ్యలో పొయ్యాల్సి వచ్చేది.

పాలకొల్లు_బుల్లెట్
అదే చెప్తున్నా. మీది బోరే. ఆయనది కాదు.

స్పానర్_బాబాయ్
తమ్ముడూ, కంగారు పడకు. చాలా ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నా, ఈ రకం బండ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. చల్లగా ఉంటే బాగుండి, వేడెక్కితే ఆగిపోయి, ఆరాక మళ్ళీ లేచే బండిలో నేను అనుమానించేవి మూడు.

ఒకటి ట్యాంకు మూత. మూతలో సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగేకొద్దీ ఆ దారిలో గాలి లోపలికి వెళ్ళాలి. వాటర్ సర్వీసింగ్ మట్టితోనో, తుప్పుతోనో అది మూసుకుపోతే లోపల గాలి లేక పెట్రోలు దిగడం ఆగిపోతుంది. కాసేపు ఆపితే మెల్లగా గాలి జొరబడి మళ్ళీ దిగుతుంది. చూసేవాళ్ళకి అది వేడి వల్ల వచ్చిన జబ్బులాగే ఉంటుంది, కానీ వేడికి దానికి సంబంధమే లేదు.

రెండోది కరెంటు వైపు. ప్లగ్‌కి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్, ఎప్పుడు నిప్పు కొట్టాలో చూసే చిన్న పెట్టె సీడీఐ, ఆ సీడీఐకి సైగ పంపే, మాగ్నెట్ పక్కన ఉండే పల్సర్ కాయిల్. కాయిల్లో వెంట్రుకంత రాగి తీగ చుట్టి ఉంటుంది. ఎక్కడో ఒకచోట అతుకు బలహీనపడితే వేడికి విడిపోతుంది, చల్లారితే మళ్ళీ తగులుకుంటుంది. అందుకే షెడ్డుకి తెచ్చేసరికి అంతా బాగుంటుంది.

మూడు, టాపెట్లు (వాల్వుల్ని నొక్కి తెరిచేవి) బిగుసుకుపోవడం. వేడికి వాల్వు కాడ సాగుతుంది, సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. బండి ఆగినప్పుడు కిక్కు మీద చేతితో నొక్కి చూడు, పొద్దున ఉన్నంత బరువు లేకపోతే ఇది. టాపెట్లు చల్లటి ఇంజిన్ మీదే సెట్ చెయ్యాలి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి, ఆ మోడలుకి చెప్పిన కొలతకి. చెవితో విని బిగించేవాళ్ళ దగ్గర చేయించకు. "సౌండ్ రాకుండా బిగించండి" అని కస్టమర్లే అడుగుతారు, అలా బిగించిన బండ్లే తర్వాత ఇలా ఆగిపోతాయి.

ఇప్పుడు అసలు విషయం. ఏది చూసినా ఆగిన ఆ నిమిషంలోనే చూడాలి. చల్లారాక షెడ్డుకి తేవడం జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్ళడం లాంటిది, ఆయన మాత్రం ఏం చెప్తాడు? వంతెన మీద వద్దు, కిందికి దించి, రోడ్డు పక్కకి పూర్తిగా జరిపి చూడు. ముందు ట్యాంకు మూత తెరువు. "సుస్స్"మని గాలి లాక్కుని, వెంటనే స్టార్ట్ అయితే జబ్బు మూతదే. అలా కాకపోతే మూత పెట్టేసి ప్లగ్ విప్పు, ఇంజిన్ వేడిగా ఉంటుంది, గుడ్డ పట్టుకుని తియ్యి. ప్లగ్ తడిగా పెట్రోలు వాసన వస్తుంటే పెట్రోలు అందుతోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. తర్వాత ప్లగ్‌కి క్యాప్ తగిలించి, ప్లగ్ ఇనుప భాగం హెడ్డుకి ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టి కిక్కు కొట్టించు. నీలంగా టకటక కొడితే స్పార్క్ బాగున్నట్టు. ఎర్రగా నీరసంగా ఉన్నా, అసలు లేకపోయినా కరెంటు వైపు వెళ్ళాలి. పెట్రోలు ఎక్కడా కారకుండా చూసుకో, ఆ స్పార్కే అంటుకునేది.

జేబులో ప్లగ్ స్పానర్, ఒక గుడ్డ, ఇంకో మంచి ప్లగ్. ఇవి చాలు.

గౌతమి_గట్టు
ఇవన్నీ ఎందుకండీ, పెట్రోలే కారణం. ఇథనాల్ కలపడం మొదలెట్టాక అన్ని బండ్లూ ఇలాగే అయ్యాయి. 20 శాతం కలుపుతున్నారు. 2014 బండి దానికి తయారుచేసింది కాదు.

పాలకొల్లు_బుల్లెట్
ఇథనాల్‌తో ఇబ్బంది లేదని నేను అనను. పాత బండ్లలో రబ్బరు పైపులు, ఓ-రింగులు గట్టిపడటం, ఉబ్బడం ఉంటుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. కానీ అది పావుగంటకోసారి వచ్చి పోదు కదా. మన దగ్గర గాలిలో తడి ఎక్కువ కాబట్టి నీళ్ళు చేరే భయం మాత్రం ఉంది. ఇథనాల్ తడిని పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. అనుమానం ఉంటే కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అద్దంలా కనిపించే గాజు సీసాలోకి పట్టి గంటసేపు కదపకుండా ఉంచితే తెలుస్తుంది. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్ళే.

లంక_కొబ్బరి
పెట్రోలు బంకుల్లో కన్నా మా లంకల్లో సీసాల్లో అమ్మే దానితోనే ఎక్కువ గొడవ. డ్రమ్ముల్లో ఎన్నాళ్ళుంటుందో, వర్షం నీళ్ళు ఎన్ని పడతాయో చెప్పలేం. అత్యవసరమైతే అర లీటరు పోయించుకుంటాం, మళ్ళీ బంకులోనే నింపుకుంటాం.

గౌతమి_గట్టు
సరే, గాజు సీసా పద్ధతి బాగుంది. నా బండికి రేపు చేసి చూస్తా.

నర్సాపురం_టీచర్
@రాజోలు_రైడర్ బండి సంగతి స్పానర్_బాబాయ్ గారు చెప్పారు, నేను షెడ్డు సంగతి చెప్తాను. రెండు వేలు ఇచ్చినప్పుడు చీటీ ఏమైనా రాయించుకున్నారా? ఏం పని చేస్తారో, ఏ సామాను మారుస్తారో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వకూడదు.

నా స్కూటీకి ఒకసారి పెద్ద సర్వీస్ సెంటర్‌లో క్లచ్ బెల్టు, రోలర్లు, ఎయిర్ ఫిల్టర్ మార్చామని బిల్లు వేశారు. పాత సామాన్లు చూపించమంటే "చెత్తలో పడేశామండి" అన్నారు. అక్కడే కూర్చున్నాను. పాత ఫిల్టర్ అయితే వెతికి తెచ్చారు, బెల్టు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు, ఎందుకంటే నా బండిలో ఉన్నది పాతదే. ఊరికి వచ్చే ముందు కవర్ విప్పి చూపించమంటే అప్పుడు బయటపడింది. బెల్టు డబ్బులు వెనక్కి ఇచ్చారు. ఆడవాళ్ళు బండి తెస్తే ఏమీ తెలియదనుకుంటారు, మొదట నాతో కాకుండా మా ఇంట్లో మగవాళ్ళతో మాట్లాడతాం అన్నారు కూడా. బండి నాది, డబ్బు నాది, నాతోనే మాట్లాడండి అన్నాను.

అప్పటి నుంచి బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద "పాత సామాన్లు తిరిగి ఇవ్వాలి" అని నా చేత్తో రాస్తాను. మీటరు రీడింగ్, పెట్రోలు ముల్లు ఫోటో తీసుకుంటాను. ఫోన్ చేసి అడగకుండా కొత్త పని చెయ్యొద్దని చెప్తాను. ఇంత చేశాక మాటా మాటా అనుకునే అవసరమే రాలేదు.

రావులపాలెం_అరటి
పాత పిస్టన్ ఇంటికి తెచ్చుకుంటే మా ఇంట్లో బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటున్నారు మేడం, అసలు పనికి వస్తోంది 😄

నర్సాపురం_టీచర్
మా పిల్లలకి సైన్సు పాఠంలో చూపించడానికి ఒకటి ఇప్పించండి, మా బడికి పంపండి.

భీమవరం_మేతబండి
బిల్లులు, కాగితాలు పెద్ద సర్వీస్ సెంటర్లలో కుదురుతాయి. మన ఊరి షెడ్లలో కాగితం అడిగితే "నమ్మకం లేదా" అని మొహం మాడ్చుకుంటారు. ఆ తర్వాత మన బండి ముట్టుకోరు.

నర్సాపురం_టీచర్
కాగితం ఇవ్వకపోతే వాట్సాప్‌లో రాయించుకోండి. "బోరు, పిస్టన్ కిట్టు, హెడ్డు పని, మొత్తం 6,500, అడ్వాన్స్ 2,000" అని మీరే పంపండి, ఆయన "సరే" అంటే చాలు. డబ్బు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో పంపితే అదీ ఒక ఆధారమే.

ఉండి_కాలువగట్టు
మాటలతో తేలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటే కేసు వెయ్యొచ్చు, షెడ్డు ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. కానీ బిల్లు గానీ మెసేజ్ గానీ లేకపోతే అక్కడ కూడా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

రాజోలు_రైడర్
ఫోన్‌పేలోనే ఇచ్చాను. చీటీ లేదు. ఇంకా పని మొదలుపెట్టలేదు కాబట్టి గొడవ దాకా వెళ్ళదనుకుంటున్నా. ముందు బాబాయ్ చెప్పినవి చూస్తా. ప్లగ్ స్పానర్ కొన్నాను.

అంతర్వేది_చేపలు
ఇంకోటి చూసుకోండి. మా వైపు సముద్రం గాలికి వైర్ల జాయింట్లలో పచ్చగా చిలుము పడుతుంది. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం పంటు మీద రోజూ బండి ఎక్కించి దాటేవాళ్ళకి ఇంకా ఎక్కువ. నాది ఒకసారి ఇలాగే ఆగిపోతుంటే కాయిల్, సీడీఐ రెండూ కొత్తవి వేశారు. అసలు జబ్బు ఏంటంటే ఫ్రేముకి బిగించే ఎర్త్ వైరు కింద తుప్పు. గరుకు కాగితంతో రుద్ది బిగించగానే సరిపోయింది. రాజోలు నుంచి మీకూ ఉప్పుగాలి తగులుతుంది కదా.

స్పానర్_బాబాయ్
@అంతర్వేది_చేపలు మంచి మాట చెప్పావు. కొత్త సామాను కొనే ముందు కనెక్టర్లన్నీ పీకి, శుభ్రం చేసి, మళ్ళీ తగిలించడం మొదటి పని. కీ స్విచ్, కిల్ స్విచ్ వైర్లు కూడా. దానికి ఖర్చు లేదు.

ఉండి_కాలువగట్టు
బాబాయ్, మరి ఖర్చు లేని పని మొదట ఎందుకు చెయ్యరు షెడ్లలో? అందరూ ప్లగ్, కార్బొరేటర్, బోరు అంటారు. కావాలని చేస్తారా?

స్పానర్_బాబాయ్
కొందరు కావాలనే చేస్తారు, కాదనను. కానీ ఎక్కువమంది సంగతి వేరు. చెప్తా విను.

బోరు చేస్తే నాకు కూలీ ఇస్తారు, ఎంత అడిగినా పెద్దగా బేరం ఆడరు, ఎందుకంటే ఇంజిన్ విప్పడం కళ్ళకి కనిపిస్తుంది. అదే గంటన్నర కూర్చుని, వైరు వైరూ పట్టుకుని, చివరికి ఎర్త్ దగ్గర తుప్పు అని పట్టుకుని, రుద్ది బిగించి 200 అడిగితే "వైరు బిగించినందుకు 200 ఏంటండీ" అంటారు. ఆ గంటన్నరలో నేను నాలుగు ఆయిల్ చేంజీలు చేసుకోవచ్చు. జబ్బు వెతకడానికి డబ్బు ఇవ్వడం మనవాళ్ళకి అలవాటు లేదు, సామాను మారిస్తేనే ఇస్తారు. అందుకని షెడ్డులో కుర్రాడు కూడా వెతకడం నేర్చుకోడు, మార్చడం నేర్చుకుంటాడు. మల్టీమీటర్ కొన్న షెడ్లు మా ఊళ్ళో ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నేను ఇప్పుడు బండి దించగానే చెప్పేస్తున్నా. చూసినందుకు 150, జబ్బు పట్టుకున్నా పట్టుకోకపోయినా. పని నా దగ్గరే చేయిస్తే అది కూలీలో కలిపేస్తా. మొదట్లో కొంతమంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు మాత్రం ఇప్పుడు వేరే షెడ్డు వైపు చూడట్లేదు. మీరు కూడా ఏ షెడ్డుకి వెళ్ళినా ముందే అనండి, "ముందు జబ్బు ఏంటో చూడండి, చూసినందుకు ఇస్తాను, ఏదైనా మార్చే ముందు నాకు చూపించండి" అని. ఆ ఒక్క మాటతో మేస్త్రి మీ బండిని చూసే పద్ధతే మారిపోతుంది.

పాలకొల్లు_బుల్లెట్
ఇది నిజం బాబాయ్. డాక్టరుకి చూసినందుకు ఫీజు ఇస్తాం, మెకానిక్‌కి ఇవ్వం.

భీమవరం_మేతబండి
ఇది నేను కూడా ఒప్పుకుంటా. మా బండికి బోరు చేసినాయన కంప్రెషన్ కొలిచి చూపించి, ప్లగ్ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి మళ్ళీ కొలిచి, "చూడండి పెరిగింది, అంటే రింగులు పోయాయి, పెరగకపోతే వాల్వులు" అని చెప్పాకే విప్పాడు. అందుకే డబ్బు ఇవ్వడానికి బాధ అనిపించలేదు.

స్పానర్_బాబాయ్
@భీమవరం_మేతబండి ఆయన పనిమంతుడు. వదులుకోకండి.

లంక_కొబ్బరి
ఆయిల్ మాట వచ్చింది కాబట్టి, వరదలో మునిగిన బండ్ల గురించి కూడా ఇక్కడే చెప్పండి బాబాయ్. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో బండ్లన్నీ మునిగాయి. నీళ్ళు తీశాక చాలామంది ఆత్రంగా సెల్ఫ్ నొక్కారు. ఒకతని కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది.

స్పానర్_బాబాయ్
మునిగిన బండికి కీ కూడా పెట్టకూడదు. ముందు బ్యాటరీ వైరు తియ్యాలి. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని అదమలేదు, గాలిని అయితే అదుముతుంది. సెల్ఫ్ బలవంతంగా తిప్పితే రాడ్డే వంగుతుంది. ప్లగ్ తీసి, మెల్లగా చేత్తో కిక్కు తిప్పితే నీళ్ళు బయటికి చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్ తీసెయ్యాలి, ట్యాంకూ కార్బొరేటరూ ఖాళీ చెయ్యాలి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. దాన్ని దించి, కొత్తది పోసి, స్టార్టయ్యాక కాసేపు తిప్పి అదీ దించి, తెల్లదనం పోయేదాకా మార్చాలి. బ్రేకు డ్రమ్ములు, వీల్ బేరింగులు మర్చిపోతారు, వాటిలో ఒండ్రు ఉంటుంది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల దగ్గర ఇస్తారు, మీరు అప్పటిదాకా ఆగకుండా రెండో హెచ్చరిక 13 లక్షలకి రాగానే బండి ఏటిగట్టు మీదకి చేర్చెయ్యండి.

లంక_కొబ్బరి
ఆయ్, ఇప్పుడు అందరం అదే చేస్తున్నాం. గట్టు మీద వరసగా తాళ్ళతో కట్టేసి ఉంచుతాం.

రాజోలు_రైడర్
చూశాను. ఈరోజు కూడా అక్కడే ఆగింది, దించి పక్కకి జరిపాను. మూత తెరిస్తే ఏ శబ్దమూ లేదు, స్టార్ట్ కూడా అవలేదు. కిక్కు బరువు పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. ప్లగ్ తీస్తే తడిగా ఉంది, పెట్రోలు వాసన. హెడ్డుకి ఆనించి కొట్టిస్తే స్పార్క్ లేదు. కొత్త ప్లగ్ పెట్టినా లేదు. అరటిపళ్ళ బండి ఆయన నీడలో కూర్చోమన్నారు, కూర్చుని కాసేపాగి మళ్ళీ కొట్టాం, నీలంగా కొట్టింది. అప్పుడు స్టార్ట్ అయింది.

పాలకొల్లు_బుల్లెట్
సరిపోయింది. బోరు కేసు కొట్టేశారు.

స్పానర్_బాబాయ్
తమ్ముడూ, చాలా బాగా చేశావు. టాపెట్లు కాదు, మూత కాదు. ఇప్పుడు మూడింట్లో ఏదో తేల్చాలి. అదే మోడల్ బండి ఉన్నవాళ్ళు ఇంట్లోనో వీధిలోనో ఉన్నారా? సీడీఐ, ఇగ్నిషన్ కాయిల్ రెండూ సులువుగా ఊడొస్తాయి. ఒక్కొక్కటే మార్చి చూడు, రెండూ ఒకేసారి మార్చకు, ఏది తప్పో తెలియదు. రెంటితోనూ ఆగితే పల్సర్ కాయిల్. అది మాగ్నెట్ కవర్ లోపల ఉంటుంది, వేడంతా దానికే. మల్టీమీటర్‌తో చల్లగా ఉన్నప్పుడు దాని రెండు వైర్ల మధ్య ఓమ్స్ కొలిచి రాసుకో, బండి ఆగగానే మళ్ళీ కొలువు. వేడిలో అంకె రాకుండా ఓపెన్ అని చూపిస్తే దొరికినట్టే.

తణుకు_ఎఫ్ఐ
మీది కార్బొరేటర్ కాబట్టి ఇలా చూసుకోగలుగుతున్నారు. నాది బీఎస్6, 2021 బండి. సెల్ఫ్ కొడితే ఒక్కోసారి తిరిగి ఊరుకుంటుంది, మీటర్లో ఇంజిన్ గుర్తు వెలుగుతుంది. షెడ్డులో "ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయింది, మారిస్తే పన్నెండు వేలు" అన్నారు. ఇది కూడా ఇక్కడే అడగొచ్చా?

రాజోలు_రైడర్
అడగండి అన్నా, ఇది అందరి కోసమే కదా.

పాలకొల్లు_బుల్లెట్
@తణుకు_ఎఫ్ఐ ఈసీయూ అనేది చివర్న అనుమానించేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక చాలా బండ్లు ఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మేవి) అయ్యాయి. వీటిలో పెట్రోలు పంపు, ఇంజెక్టర్, సెన్సర్లు అన్నీ బ్యాటరీ కరెంటు మీదే బతకాలి. బ్యాటరీ నీరసపడితే ముందు కనిపించేది మీరు చెప్పినదే. కీ ఆన్ చెయ్యగానే పంపు "గుయ్"మని రెండు సెకన్లు వినిపిస్తోందా?

తణుకు_ఎఫ్ఐ
ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి సన్నగా.

స్పానర్_బాబాయ్
మల్టీమీటర్ పెట్టు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున 12.5 వోల్టులు అటూ ఇటూగా ఉండాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కన్నా బాగా కిందికి పడిపోతే బ్యాటరీగానీ టెర్మినల్‌గానీ బాగోలేదు. నడుస్తున్నప్పుడు, కొంచెం రేజ్ ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి, లేకపోతే ఛార్జింగ్ లేదు. ఇంజిన్ గుర్తు కొన్ని బండ్లలో కొట్టుకునే లెక్కలోనే జబ్బు చెప్తుంది, పొడవుగా ఎన్ని, పొట్టిగా ఎన్ని అని. వీడియో తీసిపెట్టుకో, స్కానర్ ఉన్న చోట కోడ్ చదివించు. కోడ్ నంబరు చెప్పకుండా "ఈసీయూ పోయింది" అనేవాళ్ళ దగ్గర పన్నెండు వేలు పెట్టకు.

నర్సాపురం_టీచర్
2021 బండి అంటున్నారు, వారంటీ ఎప్పటిదాకా ఉందో బుక్‌లో చూసుకోండి ముందు. చాలా కంపెనీలు ఐదేళ్ళు ఇస్తున్నాయి, సర్వీసులు టైముకి చేయించి ముద్రలు ఉండాలి.

తణుకు_ఎఫ్ఐ
చూసి చెప్తాను మేడం. కొలిచి కూడా చెప్తా.

రాజోలు_రైడర్
తేలింది. మా బావ బండి అదే మోడలు. ఆయన సీడీఐ పెట్టి వెళ్తే ఆగింది, కాయిల్ పెట్టి వెళ్తే ఆగింది. మల్టీమీటర్ పెట్టి పల్సర్ కాయిల్ కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు అంకె చూపించింది, ఆగిన వెంటనే కొలిస్తే ఓపెన్. మొదటి షెడ్డాయన దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పి "చూసినందుకు కూడా ఇస్తాను" అన్నాను. ఆయన కూడా ఆసక్తిగా మల్టీమీటర్ తెప్పించి, హెయిర్ డ్రయ్యర్‌తో కాయిల్ వేడి చేసి తనే మళ్ళీ కొలిచి చూసుకున్నారు. కాయిల్, గాస్కెట్, ఆయిల్, కూలీ అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది. పాత కాయిల్ నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఎండలో అమలాపురం వెళ్ళి వస్తున్నా, ఆగట్లేదు.

రావులపాలెం_అరటి
హెయిర్ డ్రయ్యర్ ఎవరింటిదో ఆవిడకి ముందు చెప్పారా? 😄

రాజోలు_రైడర్
చెప్పే తెచ్చాం, మేస్త్రి గారి అమ్మాయిది. శుభ్రంగా తుడిచి ఇచ్చేశారు.

ఉండి_కాలువగట్టు
అడ్వాన్స్ సంగతేమైంది?

రాజోలు_రైడర్
రెండో షెడ్డుకి కాయిల్ పట్టుకుని వెళ్ళాను. గొడవ పెట్టుకోలేదు, కొలిచి చూపించాను. మొదట "కిట్టు ఆర్డరు పెట్టేశాం" అన్నారు, ఆర్డరు మెసేజ్ చూపించమంటే ఊరుకున్నారు. 1,800 ఫోన్‌పే చేశారు, 200 బండి చూసినందుకు ఉంచుకుంటామన్నారు. సరే అన్నాను.

భీమవరం_మేతబండి
చూడకుండానే బోరు అన్నందుకు 200 ఎందుకు ఇవ్వాలి? నేనైతే ఇవ్వను.

నర్సాపురం_టీచర్
నేను కూడా ఇవ్వను. జబ్బు వెతికితే ఫీజు, వెతక్కుండా చెప్పినదానికి కాదు.

స్పానర్_బాబాయ్
న్యాయంగా అయితే మీరిద్దరూ అన్నదే. కానీ ఒకే ఊళ్ళో ఉంటాం, 1,800 తిరిగి వచ్చింది, తమ్ముడు చేసింది బాగానే ఉంది. ఆ మేస్త్రికి కూడా పల్సర్ కాయిల్ కొలవడం కళ్ళతో చూపించి వచ్చాడు, ఇంకో బండికి పనికొస్తుంది.

గౌతమి_గట్టు
నేను గాజు సీసాలో పట్టి చూశాను. నీళ్ళ పొర లేదు. ట్యాంకు నుంచి తుప్పు ముక్కలు మాత్రం చాలా వచ్చాయి.

స్పానర్_బాబాయ్
ట్యాంకు దించి కడిగించు, పెట్రోలు ట్యాప్ జాలీ కూడా మార్పించు. ఖాళీ ట్యాంకుతో రోజుల తరబడి ఉంచకు, మన తడిగాలికి లోపల తుప్పు పడుతుంది.

తణుకు_ఎఫ్ఐ
కొలిచాను. పొద్దున 12.1, సెల్ఫ్ నొక్కితే 8.7కి పడింది. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ బోల్టు వేలితో తిరుగుతోంది, చుట్టూ చిలుము. శుభ్రం చేసి బిగించాను, బ్యాటరీ ఛార్జింగ్ పెట్టించాను. ఇప్పుడు సెల్ఫ్ నొక్కినప్పుడు 10.6, నడుస్తుంటే 14.1. పంపు ప్రతిసారీ ఒకేలా వినిపిస్తోంది. ఇంజిన్ గుర్తు మాత్రం ఇంకా వెలుగుతోంది.

పాలకొల్లు_బుల్లెట్
పాత కోడ్ లోపల నిలిచి ఉండొచ్చు. కొన్ని బండ్లలో నాలుగైదు సార్లు సరిగ్గా స్టార్టయి నడిచాక తనే ఆరిపోతుంది, కొన్నింటిలో స్కానర్‌తో చెరపాలి. రేపటికీ ఆరకపోతే కోడ్ చదివించండి, చెరిపే ముందు నంబరు రాసుకోండి.

తణుకు_ఎఫ్ఐ
చదివించాను. బ్యాటరీ వోల్టేజీ తక్కువ అన్న కోడ్ ఒక్కటే ఉంది. చెరిపారు, మళ్ళీ రాలేదు. స్కానర్ పెట్టినందుకు 150 ఇచ్చాను.